‘తీసుకున్నా’ అనని మనిషి

ఆయన పోయాడని ఓబులేసు ఫోన్ చేసినప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. “సార్ పోయినాడక్కా. పొద్దున్నే, గుండెనొప్పంట” అన్నాడు. నేను కెలకడం ఆపలేదు. ఆపితే సంగటి ఉండలు కడుతుంది. పోయినవాడి కోసం మంచి సంగటి పాడు చేసుకోవడం ఎందుకు?

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నాకు చెప్పాల్సిన మాట ఒకటుంది ఆయన దగ్గర. అది నోట్లోనే పెట్టుకుని పోయాడు.

“సభ పెడ్తాండామక్కా. హాలుకు సార్ పేరు పెడ్తారంట. నువ్వూ రా, నాలుగు మంచి మాటలు చెప్పు” అన్నాడు ఓబులేసు.

“వస్తాను, మాటలు చెప్తాను” అన్నాను. మంచివని నేను ఒప్పుకోలేదు.

నేనిప్పుడు బద్వేలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అంతకు ముందు ఒక కొండ కింద కూర్చుని ఆకాశం నుంచి వచ్చే కణాలను చూసేదాన్ని. తవ్వి వదిలేసిన ముగ్గురాయి గని అది, బెరైటీస్ అంటారే, అదే. ఆ సొరంగాన్ని శుభ్రం చేసి, సిమెంటు పూసి, లోపల ఒక హాల్లో డిటెక్టర్ పెట్టారు. పైనుంచి రాత్రీ పగలూ రాలే నానారకాల కణాలను కొండ ఆపేస్తుంది. మ్యూయాన్లనే మొండివి మాత్రం రాయిని దూరుకుని దిగి వస్తాయి. వాటి జాడ పట్టడం మా పని. మా నాయన మంగంపేటలో ముగ్గురాయి లారీలకెత్తేవాడు. “నేను గనిలోకి పారతో దిగినా, నువ్వు చదువుతో దిగినావు, ఇద్దరిదీ గని బతుకే” అని నవ్వేవాడు.

డిటెక్టర్ అంటే పెద్ద మాట గానీ, చూడటానికి పేర్చిన పెట్టెలే. ఒక్కో పెట్టెలో రెండు గాజు పలకలు, వాటి మధ్య సన్నని సందు, ఆ సందులో గ్యాసు, పలకలకు వేల వోల్టుల కరెంటు. కణం దూరిన చోట చిటుక్కున ఒక మెరుపు పుడుతుంది. ఏ పెట్టెలో ఎక్కడ మెరిసిందో కలిపి చూస్తే కణం నడిచిన దారి తెర మీద గీతగా కనబడుతుంది. షిఫ్టులో కూర్చున్నవాళ్ళు పెట్టెల్లోంచి బయటికొచ్చే గ్యాసు సీసాలోని నూనెలో బుడగలు సక్రమంగా కడుతోందా, వోల్టేజీ నిలకడగా ఉందా, పెట్టెల్లో కరెంటు లీకవుతోందా, గదిలో తేమ ఎంతుంది అని కనిపెట్టుకుని ఉండాలి. తేమ ఆ పెట్టెలకు శత్రువు.

ఆయన మా ఇన్‌ఛార్జి. ఆదోని వైపు మనిషి. పొట్టిగా, బిగువుగా, చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. జేబు నిండా వేయించిన చెనిక్కాయ గింజలు. హాల్లో ఎవరూ ఏమీ తినకూడదని తలుపు మీద రాయించింది ఆయనే, లోపల తినేది ఆయనొక్కడే. రెండు వేళ్ళ మధ్య గింజను నలిపి, ఎర్ర పొట్టు ఉఫ్‌మని ఊది, గింజ నోట్లో వేసుకునేవాడు. ఆయన కూర్చుని లేచిన కుర్చీ కింద పొట్టు ఉండేది. ఊడ్చేది మేము.

తెర మీద అంకెలు నచ్చకపోతే ఉంగరం వేలితో తెరను టకటకా కొట్టేవాడు. అంకెలు బెదిరి దారికి వస్తాయన్నట్టు. ఒక్కోసారి వచ్చేవి కూడా. మాట్లాడేటప్పుడు మన ముఖం చూసేవాడు కాదు, బుడగల సీసా వైపే చూసేవాడు. “మిషను అబద్ధం చెప్పదు మా. చెప్తే మనిషే చెప్తాడు” అని రోజుకోసారైనా అనేవాడు. ఆ మాట ఎందుకంత ఇష్టమో నాకు తర్వాత తెలిసింది.

పని తెలిసినవాడు కాదని నేననను. అట్లా అంటే అది నా నోటి అబద్ధం అవుతుంది. బుడగ బుడగకూ మధ్య ఎడం చూసి గ్యాసు ఎక్కడ తప్పించుకుంటోందో చెప్పేవాడు. మా అమ్మ ఎసరు చప్పుడు విని బియ్యం వేసినట్టు, పెట్టెల తీరు చూసి అదును కనిపెట్టడం నాకు నేర్పింది ఆయనే. నేర్పిన చెయ్యే నన్ను తోసింది కాబట్టే ఈ మంట ఆరలేదు. ముక్కూముఖం తెలియనివాడు చేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

షిఫ్టు మారేటప్పుడు ఆయన పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. దిగిపోయేవాళ్ళు కుర్చీలోంచి లేచి పక్కన నిలబడి, ఏ పెట్టె ఎట్లుందో చెప్పి, “అప్పజెప్పినా” అనాలి. వచ్చినవాళ్ళు ముందు బుడగల సీసా దగ్గరికి పోయి సొంత కళ్ళతో చూసి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, “తీసుకున్నా” అనాలి. ఆ మాట అనేదాకా డిటెక్టర్ బరువు దిగిపోయేవాళ్ళదే.

“ఇది యాడిదనుకున్నావు? మా తాత కాలం నుంచీ గొర్లు కాసేటోళ్ళం మేము” అని చెప్పాడొకసారి. “మందను ఇంగొకనికి అప్పజెప్తే, వాడు మందంతా తిరిగి చూసి, నోరు తెరిచి తీసుకున్నా అనాల. అనకముందు తోడేలు పడిందంటే నష్టం ఇచ్చినోనిదే. అన్న్యాక పడితే తీసుకున్నోనిది. ఇంత మంచి చట్టం ఏ కోర్టులో ఉండాది మా?”

కొత్తలో నేను సీసా చూడకుండానే కూర్చుని “తీసుకున్నా సార్” అన్నాను. ఆయన కుర్చీ వీపు పట్టుకుని నన్ను లేపి నిలబెట్టాడు. “కండ్లతో తీసుకోకుండా నోటితో తీసుకుంటే ఎట్ల మా? మళ్ళా చెప్పు” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ పద్ధతి మీద నాకు భక్తిలాంటిది కుదిరింది. ఈ రోజుకీ క్లాసులో ప్రాక్టికల్స్ అప్పుడు పిల్లల చేత అదే చేయిస్తాను.

ఇక ఆ రోజు సంగతి.

ఆయుధపూజ. పొద్దున్నే వోల్టేజీ దించేశాం. సొరంగం నోటి దగ్గర గుమ్మడికాయ కొట్టారు. డబ్బులిచ్చే పెద్దమనుషులు నలుగురైదుగురు దండలతో సహా వచ్చారు. మాది తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబమని ఆయనకు తెలుసు. “నీకు పట్టింపులుంటాయి మా, నువ్వు కుర్చీలో కూకో, పూజ మేం చూసుకుంటాం” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అప్పుడు నాకు నచ్చింది కూడా.

ఓబులేసు మా గ్యాసు పని చూసే పిల్లవాడు. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు వాడికి. పసుపు నీళ్ళలో కుంకుమ కలిపిన గిన్నె పట్టుకుని ఒక్కో పెట్టెకూ బొట్టు పెట్టుకుంటూ పోయాడు. పెట్టెలకు చుట్టూ వెండి కాగితం, దానిమీద బొట్టు ఆనడం లేదు. కరెంటు తీగ పెట్టెలోకి దూరే చోట తెల్లటి కనెక్టరు ఉంటుంది. ఎదురుగా నుదురులాగా అదే కనబడింది వాడికి. ప్రతి కనెక్టరు మీదా, తీగ మొదట్లో, ఒక తడి బొట్టు పెట్టాడు. సార్ వెనకే నడుస్తూ “ఆ పైదానికి మరిచిపోతాండావు” అని చూపించాడు.

పూజ అయిందో లేదో ఆయన నా దగ్గరికి వచ్చాడు. “వోల్టేజీ ఎక్కించు మా. దుడ్లిచ్చేటోళ్ళు, గీతలు సూడకుండా పోతారా?”

“తడి ఉంది సార్. ఫ్యాను పెట్టి ఆరనిద్దాం. మధ్యాహ్నం దాటాక ఎక్కిస్తాను.”

“కుంకుమ తడికేమైతాది? దేవునిది.”

“దేవునిదే సార్. కరెంటుకు మాత్రం నీళ్ళు.”

ఆయనకు నవ్వు రాలేదు. ఉంగరంతో కుర్చీ చేతిమీద టకటకా కొట్టాడు. “లే” అన్నాడు. ‘మా’ అనలేదు.

లేచాను. పక్కన నిలబడ్డాను. కోపంగా ఉన్నా పద్ధతి తప్పలేదు. ఏ కనెక్టర్ల మీద తడి ఉందో చెప్పి, “అప్పజెప్పినా సార్” అన్నాను. ఆయన బదులు పలకలేదు. సీసా వైపు పోలేదు. కూర్చున్నాడు. ఒక గింజ నలిపి, పొట్టు ఊది, నోట్లో వేసుకుని, వోల్టేజీ పెద్ద పెద్ద అంగలతో ఎక్కించాడు. నేను ఎక్కించి ఉంటే మెట్టు మెట్టుకూ ఆగి చూసేదాన్ని. అట్లా చూడమని నేర్పిందీ ఆయనే.

మొదటి గీత తెర మీద పడింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. తర్వాత లీకు కరెంటు అంకె ఎర్రబడింది. “సార్, దించండి” అన్నాను. ఆయన తెరను ఉంగరంతో కొట్టాడు. పెట్టెల దగ్గర చిటచిటమంది, కాలిన వాసన వచ్చింది, తెల్ల కనెక్టర్ల మీద నీలం నిప్పులు పాకాయి. పైవరస పెట్టెలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. అది కూడా ప్రదర్శనలో భాగమనుకుని పెద్దమనుషులు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. “భలే మెరుస్తాండాయే” అన్నాడొకాయన.

ఆయన లేచాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎప్పుడూ ముఖం చూడనివాడు ఆ రోజు సూటిగా నా ముఖంలోకి చూసి, అందరికీ వినిపించేలా అన్నాడు:

“ఏం చేసినావు మా?”

ఆ క్షణాన నాకు నోరు రాలేదు. నిజమున్నవాడికి గొంతు తన్నుకొస్తుందంటారు, ఉత్తమాట. ఎదుటి మనిషి అంత నున్నగా అబద్ధం ఆడితే ముందు మన కళ్ళ మీద మనకే అనుమానం వస్తుంది.

విచారణకు పైనుంచి ముగ్గురు వచ్చారు. షిఫ్టు ఎవరిదని అడిగారు. “ఆ పిల్లది” అన్నాడు. మీరు తీసుకున్నారా అని అడిగారు. “మా కాడ ఒక పద్ధతుండాది సార్. తీసుకునేటోడు తీసుకున్నా అనాల. నేను అన్న్యానేమో ఆ పిల్లనే అడగండి” అన్నాడు. నన్ను అడిగారు. ఆయన ఆ మాట అనలేదు, అది నిజం. అనలేదని చెప్పాను. “కానీ కుర్చీలో ఉన్నది ఆయన” అన్నాను. ముగ్గురూ ఓబులేసు వైపు చూశారు. ఓబులేసు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కంప్యూటరు చూశారు. దానికి వోల్టేజీ ఎంతో తెలుసు, ఎక్కించిన చెయ్యి ఎవరిదో తెలియదు. మిషను అబద్ధం చెప్పదు కదా! నేను తెరిచిపెట్టిన నా లాగిన్‌నే చూపించింది. పెద్దమనుషులను ఎవరూ పిలిచి అడగలేదు, వాళ్ళు చూసింది తెరను గానీ కుర్చీని కాదు.

చివర్లో ఆయన తీరిగ్గా ఇంకొకటి కలిపాడు. “పూజంటే ఆ పిల్లకు గురి లేదు సార్. ఎప్పుడెప్పుడు ముగిస్తామా అని తొందరపడింది.” కూర్చోమన్నది తనే, కూర్చున్నందుకు నేరం మోపిందీ తనే. తాతల కాలపు గొర్ల చట్టాన్ని తోడేలు చేతికిచ్చాడు.

నా కాంట్రాక్టు పొడిగించలేదు. పెట్టెలు మార్చారు, డిటెక్టర్ మళ్ళీ నడిచింది, ఫలితాల పేపరు వచ్చింది. ఆ సొరంగంలో అడుగుపెట్టనివాళ్ళ పేర్లు కూడా అందులో ఉన్నాయి. నా పేరు లేదు. సరే, పోనీ అనుకోవచ్చు. అనుకునేదాన్నేమో. కానీ కొన్నేళ్ళకు నా స్టూడెంటు ఒకమ్మాయి ఆ హాలు చూసి వచ్చి, మెరిసే కళ్ళతో నాకే చెప్పింది. “మేడమ్, ఆడ షిఫ్టు నేర్పించేటప్పుడు మొదట ఒక కథ చెప్తారు. ఎనకట ఒకామె తొందరపడి పెట్టెలన్నీ కాల్చేసిందంట. అట్ల చేయొద్దండి అని చెప్తారు.”

ఒకామె. పేరైనా లేదు. కొత్తగా చేరే ప్రతివాడికీ మొదటి పాఠం నేను.

మా పాస్టరుగారు క్షమించమంటాడు. ప్రతి ఆదివారం తల ఊపి వస్తాను. క్షమించమని అడిగినవాళ్ళను క్షమించవచ్చు. అడగనివాణ్ణి క్షమిస్తే అది వాడికి బహుమానం. మా సీమలో పగ అనగానే బయటివాళ్ళకు కొడవళ్ళే గుర్తొస్తాయి. నా పగకు అంత సరంజామా అక్కర్లేదు. ఆ హాల్లో, ఆ కుర్చీ పక్కన, పెట్టెలు కాల్చింది ఈమె కాదు అని ఒక్కరు నోరు తెరిచి చెప్పాలి. అంతే.

ఆయన్ను తర్వాత ఒక్కసారే చూశాను, కడప బస్టాండులో. రిటైరయ్యాడు, జేబు మాత్రం అట్లాగే ఉబ్బి ఉంది. “ఏమ్మా, బాగుండావా? యాడికి పోతాండావు?” అని నిన్న మొన్న విడిపోయినట్టు పలకరించి, నాలుగు గింజలు నలిపి, పొట్టు ఊది, నా అరచేతిలో పెట్టాడు.

“సార్, ఆ రోజు కుర్చీలో ఎవరున్నారు?” అన్నాను.

బస్సుల బోర్డు వైపు చూస్తూ నవ్వాడు. “పాతయి తవ్వితే ఏమొస్తాది మా? ముగ్గురాయి గూడా రాదు.” ఆదోని బస్సు వచ్చింది, ఎక్కి పోయాడు. ఆ గింజలు నేను తినలేదు. ఇంటికి తెచ్చి కోళ్ళకు వేశాను. కోళ్ళకు పట్టింపులుండవు.

సభకు పోయాను. సొరంగం నోటి దగ్గర ఓబులేసు ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది, ఇప్పుడు అక్కడ పెద్ద టెక్నీషియన్. ఆయన ఇంటివాళ్ళు మైలలో ఉండి రాలేదన్నాడు. మంచిదే అనుకున్నాను. వాళ్ళతో నాకు తగువు లేదు, పగకు కూడా ఒక పద్ధతి ఉంటుంది.

హాలు తలుపు మీద పెద్ద కుంకుమ బొట్టు ఉంది. లోపల పెట్టెల మీద ఎక్కడా లేదు. “దసరాకు బొట్లు పెట్టడం మానేశారా?” అన్నాను.

“తలుపుకు ఒక్కటే పెడతామక్కా. పెట్టెలకు ఉత్త పూలే, అవీ ఎండినయి. సార్ పెట్టిన రూలు.”

“ఎప్పటినుంచి?”

ఓబులేసు తలుపు మీది బొట్టు వైపు తిరిగాడు. చెప్పనక్కర్లేదు, నాకు అందింది. ఆ మరుసటి దసరా నుంచే. అంటే ఆయనకు తెలుసు. పెట్టెలు దేనివల్ల పోయాయో, ఎవరివల్ల పోయాయో తెలిసి, తడి బొట్టుకు రూలు పెట్టి, తొందర కథను నాకు తగిలించాడు. అంతవరకూ నా లోపల ఎక్కడో ఒక సన్నని సందేహం ఉండేది, ఆయన నిజంగానే నాదే తప్పనుకున్నాడేమో అని. అది ఆ తలుపు దగ్గరే చచ్చింది. నేరుగా లోపలికి నడిచాను.

లోపల పెద్దమనుషులు, షిఫ్టు చేసే కొత్త పిల్లలు కూర్చుని ఉన్నారు. తెర ముందున్న షిఫ్టు కుర్చీని హాలు మధ్యకు లాగి, దానిమీద ఆయన ఫోటో పెట్టి దండ వేశారు. రెండోసారి నా కుర్చీలో కూర్చున్నాడు.

అందరూ మాట్లాడారు. క్రమశిక్షణ అన్నారు, నిజాయితీ అన్నారు. మిషను అబద్ధం చెప్పదన్న మాట ముగ్గురు చెప్పారు. నా వంతు వచ్చింది. సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పాను. అందులో ఉన్నది ఒక పాత కనెక్టరు. పని నుంచి వెళ్ళిపోయిన రోజు చెత్తడబ్బాలోంచి తీసుకున్నాను. తెల్లటి ఒంటి మీద నల్లటి కాలిన చార, ఆ చార మొదలైన చోట కుంకుమ బొట్టు, మాడి అతుక్కుపోయి ఉంది.

“పెట్టెలు కాల్చిన ఒకామె కథ మీకు చెప్తారు కదా. ఆ ఒకామెను నేనే. నా పేరు ఎస్తేరు” అన్నాను. పిల్లలు కదిలారు. నేను ఫోటో ముందుకు నడిచి, కనెక్టరును కుర్చీలో ఆయన ముందు పెట్టాను. “తడి ఉందని చెప్పినాను సార్. లెమ్మంటే లేచినాను. ఈ కుర్చీలో కూర్చున్నది మీరు. ఇదిగో, అప్పజెప్పినా.”

నేను ఎదురుచూశాను. ఆ పద్ధతి అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. అప్పజెప్పినా అన్నాక బదులు రావాలి. దండ వెనక నుంచి ఆయన ఎప్పట్లాగే నన్ను కాకుండా పక్కకు చూస్తున్నాడు.

నేను ఓబులేసు వైపు తిరిగాను. “ఆ బొట్టు పెట్టిన వేలు నీది. నిన్ను నేనేమీ అనను, పెట్టమన్నారు, పెట్టినావు. ఎక్కించింది ఎవరు?”

ఓబులేసు మళ్ళీ తన కాళ్ళు చూసుకున్నాడు. ఈసారి ఎక్కువసేపు చూడలేదు. లేచి నిలబడ్డాడు.

“సారే ఎక్కించినాడు” అన్నాడు పిల్లల వైపు తిరిగి. “అక్క వద్దనింది. దించమని గూడా అనింది. నేను ఈడనే ఉండి, నోరు మూసుకున్న్యా. ఇన్నేండ్లూ మీకు ఆ కథ చెప్పింది గూడా నేనే.” ముందుకు వచ్చి, కనెక్టరును చేతిలోకి తీసుకుని, కాలిన చారనూ బొట్టునూ తన కళ్ళతో చూశాడు. “తీసుకున్నా అక్కా” అన్నాడు.

సభ ఎట్లా ముగించాలో పెద్దమనుషులకు తోచలేదు. నాకు తోచింది. ఫోటోను దండతో సహా ఎత్తి గోడకు ఆనించాను. కుర్చీని తెర ముందుకు జరిపాను. బుడగల సీసా దగ్గరికి పోయి చూశాను, సక్రమంగా వస్తున్నాయి. తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.